పచ్చదీపం ఎవరిది?

పోయినవారం మనం దూదన్నను డిపో మేనేజరు గదిలో, బల్లకు ఇవతల, ఒళ్ళు మండిపోతుండగా నిలబెట్టి వదిలేశాం. అతని చేతిలో బస్సు డాష్‌బోర్డు నుంచి పీకేసిన పెట్టె ఉంది. దాని వెనక తెగిన తీగలు వేలాడుతున్నాయి.

కొత్తగా మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటలు. దూదన్న సిటీ బస్సు డ్రైవరు. యాక్సిలరేటరు మీద అతని కాలు దూదిలా పడుతుందని తోటి డ్రైవర్లు పెట్టిన పేరు అది. డీజిలు ఆదా చేయడంలో ఏళ్ళ తరబడి ఆ డిపోలో అతన్ని మించినవాడు లేడు. ఈమధ్య ప్రతి బస్సులోనూ స్టీరింగు పక్కన అరచేయంత పెట్టె బిగించారు. డీజిలు పద్ధతిగా ఖర్చవుతుంటే దానిమీద పచ్చదీపం వెలుగుతుంది. కాస్త ఎక్కువైతే పసుపు. వృథా అవుతుంటే ఎరుపు. గేరు మార్చాల్సిన క్షణంలో బాణం గుర్తు చూపిస్తుంది. అనవసరంగా రేసు ఇచ్చినా, బ్రేకు గట్టిగా తొక్కినా కీచుమని అరుస్తుంది. ఏం చేసినా తప్పు పడుతుందని డ్రైవర్లు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టుకున్నారు. ఆ పెట్టెల బాగోగులు చూడటానికి హెడ్డాఫీసు నుంచి వచ్చిన ట్రైనర్ అమ్మాయి ఎలాగూ 'కోడలు' అయి కూర్చుంది.

మొదట్లో దూదన్న బస్సులో పచ్చదీపం ఆరేది కాదు. కొన్ని నెలలుగా ఎరుపు ఆరడం లేదు. నోటీసు బోర్డు మీది పట్టికలో అతని పేరు కిందకి జారి జారి అట్టడుగుకు చేరింది. ఆ పొద్దున డ్యూటీకి రాగానే దాన్ని చూసి, పర్రున చించి పారేశాడు. రెండు ట్రిప్పులు తిప్పి వచ్చాక పెట్టెనే పీకేశాడు. దాన్ని మేనేజరు బల్లమీద పడేయడానికి వెళితే, అక్కడ అప్పటికే నిలబడి ఉన్న ట్రైనర్ అమ్మాయి ఒక మాట అంది. ఆ మాట దగ్గరే మనం ఆగాం.

"సార్, ఈయన్ని ఇవాళ్టి నుంచి బస్సు ఎక్కనివ్వకండి."



దూదన్న పెట్టెను బల్లమీద పెట్టాడు. విసిరికొట్టాలనే వచ్చాడు గానీ, బండికి చెందిన ఏ వస్తువునీ విసిరేసే అలవాటు ఆ చేతికి లేదు.

"విన్నారా సార్?" అన్నాడు. "ఎక్కనివ్వొద్దంట. నేను ఈ డిపోలో స్టీరింగు పట్టుకునేనాటికి ఈ అమ్మాయి ఇంకా పలక పట్టుకుని ఉంటుంది."

మేనేజరు కడుపుమంట మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. "మీ ఇద్దరూ నా ప్రాణం తీస్తున్నారు. ముందు కూర్చోండయ్యా. నువ్వూ కూర్చోమ్మా."

ఇద్దరూ కూర్చోలేదు. దాంతో లేవబోయిన మేనేజరే మళ్ళీ కూర్చున్నాడు.

"ఇది కక్ష సార్," అన్నాడు దూదన్న. "పెట్టెలు బిగించిన రోజు అందరి ముందూ ఒక మాటన్నాను. బండి నడపడం నాకు డబ్బా నేర్పుతుందా, డబ్బా వెనకాల వచ్చిన నువ్వు నేర్పుతావా అన్నాను. అందరూ నవ్వారు. అది మనసులో పెట్టుకుంది. నా పెట్టెలో ఏదో తిప్పింది. లేకపోతే ఇన్నేళ్ళూ లేని ఎరుపు ఇప్పుడెక్కణ్ణుంచొస్తుంది?"

అమ్మాయి మొహం కందిపోయింది. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు ఏడ్చాను బాబాయ్," అంది. "అబద్ధం ఎందుకు చెప్పాలి? షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. కానీ మీ పెట్టెలో నేనేమీ తిప్పలేదు. మీరు నన్నే అనుమానిస్తారని తెలిసి, పెట్టె పాడైందేమోనని మీ సెలవుల్లో మార్చి చూశాను. కొత్త పెట్టెలోనూ ఎరుపే. పెడల్ పట్టేస్తోందేమో అనుకుని మెకానిక్‌తో మొత్తం విప్పించాను. పెడల్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. అప్పుడు మీ బండిని ఇంకో డ్రైవరుకి ఇప్పించాను. ఆయన నడిపితే పచ్చ. అదే వారం మీకు వేరే బండి ఇచ్చారు, గుర్తుందా? అందులో ఎరుపు."

"అంటే నాకు బండి నడపడం రాదంటావు. అంతేగా?"

"కాదు. మీకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. అందుకే భయమేసింది."

 పొగడ్తో, వెటకారమో తేలక దూదన్న మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కంప్యూటరు తెరను వాళ్ళ వైపు తిప్పాడు.

తెరమీద ఒక గీత ఉంది. మెల్లగా లేచి, మెల్లగా వాలి, మళ్ళీ లేస్తూ సాగుతోంది. "ఇది మీ కాలు," అంది అమ్మాయి. "పెట్టెలు బిగించిన కొత్తల్లో, మీ రోజువారీ రూటులో యాక్సిలరేటరు మీద మీ కాలు ఎంత నొక్కిందో, ఎప్పుడు వదిలిందో చూపించే గీత."

దూదన్నకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. గీత చూడగానే దారంతా కళ్ళ ముందుకొచ్చింది. ఇదిగో, ఇది పైవంతెన. ఎక్కేటప్పుడు కొద్దిగా నొక్కి, నడినెత్తికి చేరకముందే వదిలేస్తాడు. మిగతాది బండి తన ఊపు మీద తనే ఎక్కుతుంది. ఇది మార్కెట్ స్టాపు. అంత దూరం నుంచే అక్కడి జనాన్ని చూసి కాలు తీసేస్తాడు. బస్సు దానంతటది నెమ్మదిస్తూ, స్టాపుకి వచ్చేసరికి బ్రేకు మీద వేలు ఆనించినంత పని మిగులుతుంది. డీజిలు ఆదా అంటే నత్తలా నడపడం కాదని కొత్త డ్రైవర్లకు అతను ఎన్నిసార్లు చెప్పాడో! ఎక్కడ ఆగాలో ముందే చూడాలి. చూసిన వెంటనే కాలు తీయాలి. ఉన్నదంతా అంతే.

"ఇది పోయిన వారం," అంటూ అమ్మాయి రెండో గీత తెచ్చింది.

అది మెట్లు మెట్లుగా ఉంది. లేచిన గీత లేచినచోటే మొండికేసి కాసేపు నిలబడి, ఉన్నట్టుండి కిందకి పడిపోతోంది.

"మీరు కాలు తీశాననుకున్నచోట కాలు ఇంకా పెడల్ మీదే ఉంటోంది బాబాయ్. ఎంతోసేపు కాదు. రెప్ప వేసి తెరిచినంత. ఆ కాసేపట్లోనే డీజిలు పోతోంది, ఎరుపు వెలుగుతోంది. ఆ తర్వాత బ్రేకు ఆలస్యంగా, గట్టిగా పడుతోంది. డీజిలు పోతే పోయింది. నాకు ఆ బ్రేకు చూస్తేనే కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"నా కాలు నా మాట వినట్లేదంటావా?"

"ఒక్కసారి షూ విప్పుతారా?"

దూదన్నకి కోపం నెత్తికెక్కింది. మేనేజరు ముందు, ఓ చిన్నపిల్ల ముందు, షూ విప్పి కాలు చూపించాలా? "ఇంకేం విప్పమంటావు?" అనబోయి నాలుక కరుచుకున్నాడు. చివరికి పంతంతోనే, "ఇదిగో, చూసుకో, కళ్ళారా చూసుకో" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుని, కుడి షూ లేసు లాగాడు.

అది పాత కాన్వాసు షూ. అడుగు అరిగి అట్టలా పల్చబడింది. కొత్తవి కొనమని భార్య పోరుతూనే ఉంది. అడుగు పల్చగా ఉంటేనే ఇంజను మాట కాలికి వినిపిస్తుందని అతను కొనలేదు. షూ లాగుతుంటే సులువుగా రాలేదు. ఎక్కడో పట్టుకున్నట్టయింది. గట్టిగా లాగాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "అయ్యో! అదేంటయ్యా?"

మేజోడు అడుగున, బొటనవేలి దగ్గర, పావలా కాసంత నెత్తుటి మరక ఉంది. మధ్యలో ఇంకా తడిగా ఉంది. దూదన్న షూ తిరగేసి చూశాడు. అడుగున పిన్ను తల మెరుస్తోంది. పొద్దున పట్టిక చించినప్పుడు బోర్డు నుంచి ఊడి కిందపడ్డ పిన్నుల్లో ఒకటి. మొన షూ లోపలికి పూర్తిగా దిగి ఉంది.

దానిమీదే అతను గేటు దాకా నడిచాడు. బస్సెక్కాడు. రెండు ట్రిప్పులు తొక్కాడు.

"నొప్పి లేదా?" అంది అమ్మాయి, చాలా మెల్లగా.

 దూదన్న మేజోడు తీసి, చూపుడువేలితో ఆ గాయం పక్కన నొక్కాడు. వేలికి కాలు తగిలింది. కాలికి వేలు తగల్లేదు. మళ్ళీ నొక్కాడు. గోటితో గిచ్చాడు. ఎవరిదో కాలిని గిచ్చినట్టుంది.

అతని కోపం ఎటుపోయిందో తెలియదు. బడి మలుపు దగ్గర పోయిన నెల జరిగింది గుర్తొచ్చింది. చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఒకావిడ రోడ్డు దాటుతోంది. అతను దూరం నుంచే చూశాడు, కాలు తీశాడు, అయినా బస్సు ఆమె మీదమీదకు వెళ్ళింది. బిడ్డ బండి చక్రానికి మూరెడు దూరంలో ఆగింది. అద్దం దించి, "చూసుకుని దాటొద్దా?" అని ఆమెనే కేకలేశాడు. ఆవిడ బిక్కచచ్చిపోయి, తప్పు తనదేనన్నట్టు తలవంచుకుని వెళ్ళిపోయింది.

"సార్," అన్నాడు మేనేజరుతో.  "బండి తాళం మీ దగ్గరే ఉంచండి."

ఆస్పత్రికి అతన్ని మేనేజరే తన కారులో తీసుకెళ్ళాడు. దారిపొడుగునా, ఎక్కడ ఎర్రలైటు పడినా మేనేజరు ఆఖరిదాకా రేసు ఇచ్చి అప్పుడు బ్రేకు తొక్కుతుంటే, పక్కన కూర్చున్న దూదన్న అలవాటు కొద్దీ కుడికాలు వెనక్కి లాక్కుంటూనే ఉన్నాడు. ఆ కాలు ఎంతవరకు వెనక్కి వచ్చిందో మాత్రం ఇప్పుడు కళ్ళతో కిందకి చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

కబురందుకున్న భార్య వాళ్ళకంటే ముందే వచ్చి ఆస్పత్రి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బట్టలు కుట్టే పని మధ్యలోంచి పరిగెత్తుకొచ్చిందేమో, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"ఏమైంది? ఎవర్ని గుద్దారు?"

"ఎవర్నీ గుద్దలేదు. పిన్ను గుచ్చుకుంది."

"పిన్ను గుచ్చుకుంటే కారులో తెస్తారా?" అని ఆమె మేనేజరు మొహం చూసి, భర్త చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

డాక్టరమ్మ నెరిసిన జుట్టు, కరుకు గొంతు మనిషి. అతన్ని బల్లమీద పడుకోబెట్టి, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసింది. "కళ్ళు మూసుకోండి. ఇది పాదానికి తగిలినప్పుడల్లా 'ఆఁ' అనండి."

దూదన్న కళ్ళు మూసుకున్నాడు. బయట ఎవరో దగ్గుతున్నారు. ఎక్కడో కుళాయి కారుతోంది. ఆ పోగు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎదురుచూశాడు. ఎంతకీ తగల్లేదు.

"మొదలుపెట్టండి డాక్టరమ్మా," అన్నాడు.

"అయిపోయింది," అందామె.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రక్తపరీక్ష చేశారు. షుగరు ఉండాల్సినదానికంటే ఎంతో పైన ఉంది. ఎప్పటినుంచో ఉండి ఉంటుంది, అది చడీచప్పుడు లేకుండా కాళ్ళ నరాలను తినేసిందని డాక్టరమ్మ చెప్పింది. పిన్ను గాయం పెద్ద లెక్కలోది కాదు. అసలుది బొటనవేలి కింద ఇంకోటి ఉంది. గట్టిపడ్డ చర్మం మాటున చీము పట్టిన పాత పుండు. దానిమీదే అతను ఇన్నాళ్ళుగా యాక్సిలరేటరు తొక్కుతున్నాడు.

"ఇదే ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చుంటే వేలు తీసేసేదాన్ని," అంది డాక్టరమ్మ. "ఇంకా ఆగితే పాదం. మీలాంటివాళ్ళు నడవలేని స్థితిలోనే వస్తారు. నొప్పి ఉండదు కదా, ఎందుకొస్తారు? మిమ్మల్ని ముందే ఎవరు పంపారు?"

దూదన్న పరధ్యానంలో ఉన్నాడు. "అత్తగారండీ," అన్నాడు.

"అయితే ఇంటికెళ్ళగానే మీ అత్తగారికి ఓ దండం పెట్టండి. మీ కాలు ఆవిడ చలవే."

భార్య కంగారుగా ముందుకొచ్చింది. "మా అమ్మ పోయి చాన్నాళ్ళైందండీ!"

అప్పుడు మేనేజరు నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో చెప్పాక డాక్టరమ్మ కూడా నవ్వింది. అందరూ నవ్వుతుంటే దూదన్న మాత్రం గోడవైపు తిరిగి, మోచేత్తో కళ్ళు కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. భార్య అతని పక్కన కూర్చుని, టేపు చివర వేలికి చుడుతూ విప్పుతూ ఉండిపోయింది.

"చెప్పు జారిపోయినా తెలియకుండా నడుచుకుంటూ పోయారు, గుర్తుందా?" అంది. "ధ్యాస ఎక్కడుందని వీధిలో కేకలేశాను. కాలి గురించి ఒక్కసారన్నా అడగలేదు నేను."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదులే. గచ్చు మెత్తగా ఉంటోందని నాకే అనిపించేది. కింద దూది పరిచినట్టు. పేరుకి తగ్గట్టు అయ్యానని నవ్వుకున్నాను."

ఇక బస్సు నడపకూడదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేనంది, ఉన్నది పోకుండా చూద్దామంది.  స్టీరింగు లేని తన చేతులు ఏం చేస్తాయో దూదన్న ఊహకి అందలేదు. అయినా ఆస్పత్రి మంచం మీద పడుకుని, కప్పు వైపు చూస్తూ ఉన్నప్పుడు కళ్ళ ముందుకొచ్చింది స్టీరింగు కాదు. రోజూ తన బస్సెక్కే మనుషులు. మార్కెట్ దగ్గర సంచులతో ఎక్కి, మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగమని చెయ్యి చూపించే ముసలాయన. వెనక సీటులో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నిద్రపోయే నర్సు. బడిపిల్లల గుంపు. ఆ చంటిబిడ్డ తల్లి. అందరూ క్షేమంగా ఎక్కడివాళ్ళక్కడ ఉన్నారు. ఒక్కొక్క మొహాన్నీ గుర్తు తెచ్చుకుంటుంటే, పోగొట్టుకున్నవాడిలా కాక, పెద్ద గండం నుంచి బయటపడ్డవాడిలా అనిపించింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ఇంజక్షను ఇవ్వడానికి వచ్చిన నర్సుకే, "చాలా థాంక్సమ్మా" అన్నాడు. ఆమె ఇంజక్షనుకి ఎవరూ థాంక్స్ చెప్పరని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. పుండు వల్ల వచ్చిన జ్వరం తగ్గాక ఒక పొద్దున ట్రైనర్ అమ్మాయి వచ్చింది. బత్తాయిలు తెచ్చి, షుగరు మనిషికి తేవచ్చో లేదోనని గుమ్మం దగ్గరే తటపటాయిస్తోంది.

"లోపలికి రామ్మా, కోడలా!" అని భార్యే పిలిచింది. "పళ్ళు నేను తింటాలే."

దూదన్న లేచి కూర్చున్నాడు. చెప్పాలనుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అమ్మాయి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను," అన్నాడు. "నేనే నీ స్థానంలో ఉంటే, ఎరుపు చూసి లోలోపల సంతోషించేవాణ్ణి. బాగా అయింది ముసలాడికి అనుకునేవాణ్ణి. నువ్వు నా పెడల్ విప్పించావు, బండి మార్పించావు. మేనేజరు ముందు నేను నానా మాటలన్నా కాలు చూపించేదాకా వదల్లేదు. ఎందుకమ్మా?"

"మీమీద కోపముంటే మీమీద ఉండాలి గానీ, బస్సులో కూర్చున్నవాళ్ళేం చేశారు బాబాయ్?" అంది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "ఇంకో సంగతుంది. మీకు చెప్పొద్దనుకున్నాను. మీకు మరీ గర్వమొస్తుందని," అంది.

"ఇప్పుడిక గర్వమొచ్చినా ఏ బండెక్కుతాను? చెప్పు."

"పెట్టెలతో పాటు కంపెనీవాళ్ళు కొన్ని అంకెలు పంపారు. పచ్చ ఎంతవరకు, పసుపు ఎక్కణ్ణుంచి అని. అవి పెద్ద రోడ్ల మీద సాఫీగా పోయే బళ్ళకి సరిపోతాయి. మన ఇరుకు వీధుల్లో, అడుగడుగునా స్టాపులుంటే, ఆ లెక్కన అందరికీ పొద్దస్తమానం ఎరుపే వెలుగుతుంది. నాకేం చేయాలో పాలుపోలేదు. అప్పుడు దీపాలు వెలిగించకుండా పెట్టెల్ని కొన్నాళ్ళు ఊరికే గీతలు గీయనిచ్చాను. అన్ని గీతలూ చూశాను. అందులో ఒకటుంది బాబాయ్. దాన్ని చూసి, మన రోడ్లమీద ఇంతకంటే బాగా నడపడం మనిషి వల్ల కాదనుకున్నాను. ఆ గీతకి ఎంత దగ్గరగా నడిపితే అంత పచ్చ, ఎంత దూరమైతే అంత ఎరుపు. అన్ని బస్సుల్లోనూ అలాగే పెట్టాను."

దూదన్న మంచం మీద ముందుకు వంగాడు.

"ఆ గీత..."

"మీదే. పచ్చదీపం వెలిగిందంటే మీరు నడిపినట్టు నడిపారని అర్థం. అంతకుమించి దానికేం తెలియదు."

"అయితే ఇన్నాళ్ళూ నామీద కీచుమని అరిచింది?"

"మీరే బాబాయ్."

మంచం పక్కన బత్తాయి ఒలుస్తున్న భార్య చేతులు ఆగిపోయాయి. "అంటే ఆ అత్తగారు ఈయనేనా?" అంది. "నాకీ సంగతి పెళ్ళైన మొదటి వారంలోనే తెలుసమ్మా!"

అమ్మాయి పకపకా నవ్వింది. దూదన్న కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. చేతులు చాచి అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, అలాగే కూర్చున్నాడు. తన కాలు తనకే తెలియకుండా పోతున్నప్పుడు, అది ఒకప్పుడు ఎలా ఉండేదో జాగ్రత్తగా దాచిపెట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. అలాంటి మనిషికి ఏమని చెప్పాలి?

"మేనేజరు మీ కోసం ట్రైనింగు సెక్షన్‌లో కుర్చీ వేయించాడు," అంది అమ్మాయి. "కొత్త డ్రైవర్లకి నేను గీత చూపిస్తాను, మీరు దారి చెప్పండి. డాక్టరమ్మ ఒప్పుకున్నాకే. మీరు కాదనకూడదు."

"కాదనడానికి నాకింకా పొగరు ఉందనుకున్నావా? వస్తాను. నువ్వు చెప్పమన్నదల్లా చెబుతాను."

అమ్మాయి తలూపింది. లేవాలనుకుని లేవలేదు. చేతిలోని ఫోను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. వచ్చిన పని ఇంకా అయిపోలేదని దూదన్నకి అర్థమైంది.

"ఏంటమ్మా?"

"మీ గీత ఎలా మారిందో తెలిశాక, నా కింద ఉన్న డిపోలన్నిటి గీతలూ మళ్ళీ చూశాను. నిన్న సాయంత్రం ఒకటి దొరికింది." ఫోను అతని చేతికిచ్చింది. "ఇవే మెట్లు. మీ అంత ముదరలేదు, కానీ ఇవే. కొండదారి డిపో బండి. అక్కడ డ్రైవర్లు రోజూ బళ్ళు మారతారు, పెట్టెలో పేరు ఉండదు. ఎవరో కనుక్కోమని పొద్దున్నే కబురు పెట్టాను, ఇంకా జవాబు లేదు. వాళ్ళకి ఎలా చెప్పాలో మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. నేను షూ విప్పమంటే ఏమవుతుందో చూశాను కదా."

దూదన్న ఫోను దగ్గరికి పెట్టుకుని చూశాడు. మెట్లు ఉన్నాయి. కానీ అతని చూపు మెట్ల దగ్గర ఆగలేదు. ప్రతి మలుపుకీ ముందు గీతమీద చిన్న చిన్న బుడిపెలు రెండు ఉన్నాయి. మలుపు తిరిగేముందు పెడల్‌ని రెండుసార్లు ఊరికే అలా తట్టి వదిలే కాలు. అలా తట్టమని ఏ డ్రైవింగు స్కూల్లోనూ చెప్పరు. దూదన్న కుర్రతనంలో తన సొంత పైత్యం కొద్దీ అలా చేసేవాడు, తర్వాత మానేశాడు. మానకముందు ఒక్కడికే నేర్పాడు.

"ఎవరో కనుక్కోనక్కర్లేదు," అన్నాడు. "వీడు మా తమ్ముడు."

భార్య తలెత్తి చూసింది. ఆ ఇంట్లో ఆ మాట విని చాలా కాలమైంది. తమ్ముడి బస్సు ఒకసారి గోడను రాసుకుపోయినప్పుడు, విచారణలో తప్పు వాడిదేనని దూదన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. తమ్ముణ్ణి కొండదారికి మార్చారు. ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

"ఇవాళ కూడా డ్యూటీలో ఉన్నాడా?" అని దూదన్న అడిగాడు.

అమ్మాయి ఫోనులో వెతికింది. "ఇవే మెట్లున్న బండి ఇవాళ పైనుంచి బయల్దేరింది బాబాయ్. దిగుతూ ఉండాలి. కానీ..." అని కళ్ళు చికిలించింది. "ఒకేచోట ఉంది. కదలట్లేదు."

దూదన్న కట్టు కట్టిన కాలు కిందకి దించాడు. భార్య వద్దంటున్నా వినకుండా మంచం అంచున కూర్చుని, తన ఫోను అందుకున్నాడు. ఆ నంబరు ఎన్నాళ్ళుగానో నొక్కలేదు గానీ, వేళ్ళు మర్చిపోలేదు. రింగు పోతోంది. పోతూనే ఉంది. 

ఎవరో ఎత్తారు. తమ్ముడి గొంతు కాదు.

"హలో, కండక్టర్ని మాట్లాడుతున్నానండీ. కంగారు పడకండి, అందరం బాగానే ఉన్నాం. బండిని చక్కగా పక్కకి తీసి ఆపేశాడు. జనాన్ని వేరే బస్సెక్కించేశాను. కానీ ఈ మనిషి సీటు దిగట్లేదండీ. స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరేం అడిగినా ఒకటే మాట. మా అన్నయ్యని పిలవండి, ఆయనకొక్కడికే చెప్పాలి అంటున్నాడు." అవతల ఒక్క క్షణం గాలి హోరు వినిపించింది. "ఈయన ఫోను తెరమీద అన్నయ్య అని పేరు పడింది. మీరేనా?"